పండుగ భోజనంలోకి కాల్చిన కూరగాయలు: ఓటీజీనా, ఎయిర్ ఫ్రయరా, ఇంట్లో ఉన్న పెనమా?

నమస్తే అండి. క్రిస్మస్ దగ్గరికొచ్చింది కదా. బగారన్నం పక్కన పెట్టుకోవడానికి తక్కువ ఖర్చులో కాల్చిన కూరగాయలు చేద్దాం. మూడు రకాలుగా చేసి పక్కపక్కనే పెట్టాను: ఒక వాయి ఓటీజీలో (అంటే కరెంటు ఓవెన్), ఒకటి ఎయిర్ ఫ్రయర్‌లో, ఒకటి గ్యాస్ మీద ఇనుప పెనంలో. కూరగాయలు అవే, నూనె, ఉప్పు అవే. పది మందికి వండాలంటే ఏది పనికొస్తుందో చూసి చెప్తాను.

ముందు ఒక మాట. మన దగ్గర పండుగంటే మనసంతా మటన్ మీదే ఉంటుంది. డబ్బూ అటే పోతుంది, పొద్దున లేచి పడే కష్టమూ అటే. ఇంటికొచ్చిన వాళ్లలో నీసు తినని వాళ్లుంటే ఇంత పప్పు, ఇంత పెరుగు చట్నీ వేసి సరిపెడతాం. నాకది మంచిగ అనిపించదు. వాళ్లూ పండుగకే వచ్చారు. వాళ్ల పళ్లెంలోనూ మనం మనసు పెట్టి చేసింది ఒక్కటైనా ఉండాలి. దానికి పనీరు, పుట్టగొడుగులే తేవాలని లేదు. డిసెంబర్‌లో దొరికే మామూలు కూరగాయలు చాలు.

ఇవి హన్మకొండ కుమార్‌పల్లి మార్కెట్‌లో తెచ్చాను. గోబిపువ్వులు మధ్యరకంవి రెండు, కందగడ్డ (చిలగడదుంప) ముప్పావు కిలో, క్యారెట్ అర కిలో, ఉల్లిగడ్డలు నాలుగు. నూనె, పల్లీలు, నువ్వులు, నిమ్మకాయలు అన్నీ కలిపి నాకు 200 రూపాయల లోపే అయింది. ధరలు వారం వారం మారతాయి, కొంచెం అటూ ఇటూ అనుకోండి. పచ్చిగా రెండున్నర కిలోల దాకా ఉంటాయి, కాలాక మూడో వంతు దాకా తగ్గుతాయి. మిగతా వంటలు కూడా ఉంటాయి కాబట్టి పది మందికి ఇది సరిపోతుంది.

బీన్స్ వద్దు, ముడుచుకుపోతాయి. వంకాయ నూనె తాగేస్తుంది. టమాట, సొరకాయ అసలే వద్దు, నీళ్లు వదిలి మొత్తం కూరలా అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఓవెన్ పెట్టినా, పెనం పెట్టినా, కూరగాయ ఎర్రగా కాలాలంటే దాని మీద తడి ఉండకూడదు. గోబిలో వందకు తొంభై వంతుల పైనే నీళ్లుంటాయి. ముక్క మీద తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడటం, ఆ కాలిన వాసన రావడం దాదాపు 140 డిగ్రీలు దాటితే గానీ మొదలవ్వదు. అందుకే తడి ముక్కలు ఎంతసేపు ఉంచినా ఉడుకుతాయే తప్ప కాలవు. మనం గోబిని పురుగుల భయానికి ఉప్పు వేసిన వేడి నీళ్లలో వేస్తాం కదా, అది తప్పకుండా చేయండి. కానీ తీసిన తర్వాత నూలు బట్ట మీద పరిచి ఫ్యాన్ కింద గంటసేపు వదిలేయండి. ఈ గంట ఆగలేని వాళ్లకు ఏ మెషిన్ కొన్నా లాభం లేదు.

రెండోది, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఒకే వరుసలో, మధ్యలో వేలు పట్టేంత సందు ఉండాలి. కుక్కి పెడితే వాటి ఆవిరికి అవే మెత్తబడిపోతాయి.

సరే, ఓటీజీ సంగతి చూద్దాం. 200 డిగ్రీల మీద పది నిమిషాలు ముందుగా వేడి చేశాను, పైనా కిందా రాడ్లు రెండూ ఆన్. ఒక ట్రేలో కిలో కన్నా తక్కువే పట్టింది. ఇరవై నిమిషాలకు ఒకసారి తిప్పాను, మొత్తం 35 నిమిషాలు. ఇదిగో చూడండి, రంగు అన్ని వైపులా సమానంగా వచ్చింది. దగ్గర నిలబడాల్సిన పని లేదు, ఈలోపు మీరు అన్నం చూసుకోవచ్చు. రుచి చాలా బాగుంది. అయితే రెండున్నర కిలోలకు మూడు వాయిలు వేయాలి, అంటే దాదాపు రెండు గంటలు. 1500 వాట్ల ఓటీజీ రెండు గంటలు ఆగకుండా నడిస్తే 3 యూనిట్లు కాలుతుంది. మధ్యమధ్యలో రాడ్లు ఆగుతుంటాయి కాబట్టి అంతకన్నా కొంచెం తక్కువే అనుకోండి. ఇక క్రిస్మస్ రోజు అందులో కేకు ఉంటుంది! ఖాళీ ఉంటే మాత్రం నిశ్చింతగా వాడండి. పదికి ఎనిమిది మార్కులు.

ఎయిర్ ఫ్రయర్. నాలుగు లీటర్ల బుట్టలో ఒకే వరుసగా వేస్తే అర కిలో పడుతుంది. 190 డిగ్రీల మీద 16 నిమిషాలు. గోబి కరకరలాడింది, క్యారెట్ మాత్రం తోలులా సాగుతోంది. ముగ్గురికి చేసుకోవడానికి బాగానే ఉంది. పది మందికంటే ఐదు వాయిలు, చివరి వాయి వచ్చేసరికి మొదటిది చల్లారిపోతుంది. ఐదు మార్కులు. పండుగ వంట కోసమని దీన్ని కొనకండి.

ఇప్పుడు నాకు బాగా నచ్చింది, మన ఇనుప పెనం. వెడల్పుగా, అడుగు మందంగా ఉండాలి, రొట్టెల పెనమైనా సరే. పెనం బాగా కాలాక రెండు చెంచాల పల్లి నూనె వేసి, గోబి ముక్కల్ని కోసిన వైపు కిందికి పెట్టి ఆనించండి. కదపకండి. గంటె చేతిలో ఉంటే తిప్పాలనిపిస్తుంది, పక్కన పెట్టేయండి. మొదట సుయ్‌మని గట్టిగా శబ్దం వస్తుంది, అది లోపలి నీళ్లు ఆవిరవుతున్న శబ్దం. నాలుగైదు నిమిషాలకు ఆ శబ్దం తగ్గి సన్నగా చిటపట మొదలవుతుంది. అప్పుడు ఒక ముక్క ఎత్తి చూడండి. ఇదిగో, ఈ అంచు చూస్తున్నారా? బాగా మరిగిన బెల్లప్పాకం రంగు. కాడ ఇంకా తెల్లగానే ఉంది, కొరికితే పలుకు తగులుతుంది. ఇలా అడుగు ఒక్కటే గట్టిగా కాలి, పైన లేతగా ఉండటం ఓవెన్‌లో రాలేదు. తిప్పి ఇంకో మూడు నిమిషాలు ఉంచితే చాలు.

కందగడ్డకు పద్ధతి వేరు. అర అంగుళం మందం చక్రాలు కోసి, సన్న మంట మీద మూత పెట్టి పది నిమిషాలు నిదానంగా వేడెక్కనివ్వండి. దాదాపు 60 నుంచి 75 డిగ్రీల మధ్య వేడిలో గడ్డలో ఉన్న ఎంజైమ్ పిండిని చక్కెరగా మారుస్తుంది. ఆ వేడిని గబుక్కున దాటించేస్తే తీపి తక్కువ వస్తుంది. పది నిమిషాల తర్వాత మూత తీసి మంట పెంచండి. అంచుల్లో పాకం బుడగలు కట్టి నల్లటి చుక్కలు పడతాయి. అది మాడు కాదు, పారేయకండి, రుచంతా అక్కడే. క్యారెట్ కూడా ముందు ఐదు నిమిషాలు మూత పెట్టే. ఉల్లిగడ్డను నాలుగు చీలికలు చేసి, వేరు వైపు ఊడకుండా ఉంచితే రేకులు విడిపోవు.

రెండు పొయ్యిల మీద రెండు పెనాలు పెడితే మొత్తం ముప్పావు గంటలో అయిపోయింది. నిలబడి చూసుకోవాలి, అదొక్కటే కష్టం. తొమ్మిది మార్కులు.

మసాలా దగ్గర తొందరపడకండి. కారం, ఎల్లిపాయ మొదట్లోనే వేస్తే మాడి చేదొస్తుంది. నేను వాడేది మన వరంగల్ చపాటా కారం. టమాట మిర్చి అని కూడా అంటారు, 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగు దండిగా ఉంటుంది, ఘాటు తక్కువ, పిల్లలు కూడా తింటారు. పల్లీలు గుప్పెడు, నువ్వులు గుప్పెడు వేరువేరుగా వేయించి, పది ఎల్లిపాయ రెబ్బలు, రెండు చెంచాల చపాటా కారం, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచాను. మెత్తగా పొడి చేయకండి, పల్లీ ముక్క పంటికి తగలాలి. కాలిన కూరగాయలన్నీ పెద్ద మూకుడులో వేసి, ఈ పొడి చల్లి, రెండు నిమిషాలు ఎగరేస్తే అయిపోయింది. గోబి లేత ఆకులు పారేశారా? వాటిని కూడా చివర్లో పెనం మీద వేయండి, అప్పడంలా పెళపెళలాడతాయి. నాకు ఈ వంటలో అన్నిటికన్నా ఇష్టమైనవి అవే.

24 రాత్రి కాజీపేట ఫాతిమానగర్ కెథడ్రల్‌లో పూజకు వెళ్లే వాళ్లకు తెల్లారి టైం ఉండదు. అందుకని గోబి, క్యారెట్ సాయంత్రమే కోసి, ఆరబెట్టి, మూత లేని గిన్నెలో పల్చని బట్ట కప్పి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఆ రాత్రికి ఇంకా బాగా ఆరుతాయి. కందగడ్డ మాత్రం పొద్దునే కోయండి, ముందే కోస్తే నల్లబడుతుంది. పదకొండు గంటలకు కాల్చి పక్కన పెట్టేసుకున్నా పర్వాలేదు. చుట్టాలు కూర్చున్నాక పొడి చల్లి మూకుడులో ఒకసారి వేడి చేయండి. వేడి ముక్కల మీద మూత పెట్టారంటే ఆవిరి పట్టి పొద్దుటి కష్టమంతా పోతుంది, అందుకని తెరిచే ఉంచండి. నిమ్మకాయ కూడా పళ్లెంలో వడ్డించాకే పిండుకోమనండి. ఉంటాను, అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.