ఎర్ర రంగు పూసిన బోరింగు

సభకు నమస్కారం. నల్లగొండ జిల్లాలో వేర్వేరు శాఖల్లో కొత్తగా చేరిన మీతో మాట్లాడే అవకాశమిచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఒక శాఖ చేసిన పని మరో శాఖకు ఎంత మేరకు, ఎప్పుడు, ఏ రూపంలో కనిపించాలన్నది ఈ పూట నాకు అప్పగించిన విషయం. నా ఉద్యోగమంతా తాగునీటి పనుల్లోనే గడిచింది కనుక నీళ్ల సంగతులతోనే చెబుతాను.

మోతాదు మించితే పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడు కంటికి కనిపించదు. దానికి రంగు లేదు, వాసన లేదు, మన బావుల్లో ఉండే మోతాదులో నాలుకకూ తెలియదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందో లేదో పరీక్ష చేస్తేనే తేలుతుంది. కాబట్టి ఈ జిల్లాలో ఒకరు సీసాలో నీళ్లు పోసి కనుక్కున్న సంగతి, బిందె చంకన పెట్టుకుని బోరింగు దగ్గరికి వచ్చిన మరొకరికి చేరేదాకా ఆ పరీక్ష సగంలోనే ఆగిపోయినట్టు లెక్క.

ఇది నాకు ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లోనే తెలిసివచ్చింది. ఒక ఊరి బడి ఆవరణలోని బోరింగు నీళ్లు పరీక్షకు పంపాం. ఫలితం హద్దుకు రెట్టింపు దాటి వచ్చింది. నేను పనిచేసే కార్యాలయంలో ఆ కాగితాన్ని ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించారు, నంబరు వేశారు, నేను సంతకం చేశాను, ఫైలులో పెట్టారు. ఎవరి పని వారు సక్రమంగానే చేశామనుకున్నాం. నాలుగు నెలల తర్వాత వేరే పని మీద మధ్యాహ్నం వేళ ఆ బడికి వెళితే, వంట చేసే ఆమె అదే బోరింగు కొట్టి పప్పు గిన్నెలోకి నీళ్లు పడుతోంది. ఈ నీళ్లు పనికిరావని తెలియదా అక్కా అని అడిగాను. "ఎవలు చెప్పిండ్రు సారూ? సీసల నీళ్లు పట్టుకపోయిండ్రు, మల్ల ఎవ్వలు రాలే" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రిజిస్టరులో నా సంతకం ఉంది కానీ ఆమె ముందు దానికి విలువ లేదు.

ఆ సాయంత్రమే ఎర్ర రంగు డబ్బా తెప్పించి బోరింగుకు పూయించాం. అప్పుడు ప్రధానోపాధ్యాయుడు అడిగిన ప్రశ్న నాకు రెండో పాఠం నేర్పింది: "మరి రేపు వంటకు నీళ్లు ఎక్కడివి?" వద్దని చెప్పడంతో మా బాధ్యత తీరలేదు. ఊరి చివర మంచి నీళ్లు పడే బోరింగు ఒకటుందని మా కాగితాల్లోనే ఉంది. అది కూడా ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఎర్ర రంగును గురించి నేను చాలా కాలం ఆలోచించాను. ఎన్ని నమూనాలు తీశాం, ఎంత కష్టపడ్డాం అన్నది అది చెప్పదు. హ్యాండిల్ మీద చేయి వేసిన మనిషికి ఆ క్షణంలో కావలసిన ఒకే ఒక్క మాట చెబుతుంది. అదే పరీక్ష ఫలితం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి వెళ్లేటప్పుడు, ఎంతమంది పిల్లలు ఎన్నేళ్లుగా ఆ నీళ్లు తాగుతున్నారన్న వివరంతో వెళ్లాలి. పంచాయతీకి వెళ్లేటప్పుడు బదులు నీళ్లు ఎప్పటినుంచి, ఎక్కడినుంచి వస్తాయన్న మాటతో వెళ్లాలి. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునే ఇంజనీరుకు తేదీతో, అంకెతో మిగలాలి. ఒకే కాగితానికి నాలుగు నకళ్లు తీసి నలుగురికీ పంపి పని చూపించామనుకోవడం మన కార్యాలయాల్లో పాతుకుపోయిన అలవాటు.

నీళ్లలోంచి ఫ్లోరైడును తీసేందుకు మన జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉందని మీకు తెలుసు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, 1970లలో రూపొందించిన నల్లగొండ టెక్నిక్ అది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, బాగా తిప్పి, మడ్డి కిందికి దిగాక పైనీటిని వడగడతారు. చెప్పడానికి సులువే. అయితే పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును బట్టి, క్షారతను బట్టి మారుతుంది. తాజా ఫలితం ఆపరేటరుకు అందకపోతే పాత మోతాదే పడుతూ ఉంటుంది: తక్కువ పడితే ఫ్లోరైడు మిగులుతుంది, ఎక్కువ పడితే పటికలోని అల్యూమినియం మిగులుతుంది. ఇటువైపు, రోజూ ఎంత మడ్డి దిగుతోంది, దాన్ని ఎక్కడ పోస్తున్నారన్నది ఆపరేటరుకు తప్ప ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. ప్రయోగశాలకూ ఆపరేటరుకూ మధ్య రోజూ నడవవలసిన ఒక చిన్న చీటీ లేకపోతే ఎంత మంచి పద్ధతైనా నిలవదు.

ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వస్తున్నాయి. 2015 జూన్‌లో ఆ పథకం పైలాన్ వెలిసింది అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో. శుద్ధి కేంద్రం నుంచి ఊరి ట్యాంకు దాకా ఒకరి బాధ్యత, ట్యాంకు నుంచి ఇంటి నల్లా దాకా పంచాయతీ బాధ్యత. పైపు పగిలితే మరమ్మతు చేసేవారు రాత్రంతా బురదలో నిలబడి పనిచేస్తారు. పంచాయతీ కార్యదర్శికి మాత్రం తెల్లారి నల్లా ఎండినప్పుడే తెలుస్తుంది. ఇంకోచోట అయితే అది ఒక పూట ఇబ్బంది. ఇక్కడ ఆ పూట జనం మళ్లీ పాత బోరింగు దగ్గరికి పోతారు. అందుకే పార పట్టకముందే ఒక సందేశం వెళ్లాలంటాను: ఏయే ఊళ్లకు నీళ్లు ఆగుతాయి, ఎప్పటిదాకా, అప్పటివరకు ఏ నీళ్లు వాడాలి. పని ముగిశాక ఫోన్ గ్రూపులో పెట్టే నలభై ఫోటోల కంటే ఆ ఒక్క సందేశం విలువైనది. నిజానికి ఆ ఫోటోల కిందే అవసరమైన మాట పూడుకుపోతుంది.

ఆ ఫోటోలు ఎవరి కోసం తీస్తున్నామో కూడా నిజాయితీగా చూసుకోవాలి. ఎక్కువ భాగం పై అధికారి కోసం. మన వ్యవస్థలో పని పైకి కనిపించడానికి దారులు చాలా ఉన్నాయి, పక్కకు కనిపించడానికి చాలా తక్కువ. కిందికి, అంటే జనానికి కనిపించడానికి 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని పెట్టింది. మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఉన్న పేర్లను, పనిదినాలను గ్రామసభలో చదివి వినిపిస్తే, చదువురాని కూలీ కూడా లేచి "నేను ఆ వారం పనికే పోలే" అనగలుగుతాడు. అదే కాగితాన్ని పంచాయతీ గోడకు అతికించి వదిలేస్తే ఆ మాట బయటికి రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు పోలేను. పిల్లల పళ్ల మీద ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గారను గుర్తించే సర్వే చేస్తారు. ఏ ఊళ్లో ఎంతమంది అన్న అంకె నీళ్ల శాఖకూ, విద్యాశాఖకూ తప్పకుండా అందాలి. ఆ పిల్ల పేరు, నోరు తెరిచిన ఫోటో అందవలసిన అవసరం లేదు. వంకర తిరిగిన కాళ్లను, గారపట్టిన పళ్లను చూసి పెళ్లి సంబంధాలు వెనక్కి పోయిన ఊళ్లు మనవి. మన శ్రద్ధ చూపించుకోవడానికి వారి బాధను గ్రూపులో పెట్టే హక్కు మనకు లేదు.

2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. అంతకుముందు ఒకే వరండాలో టీ తాగుతూ నోటిమాటగా చెప్పుకున్న సంగతులు ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి మధ్య రాతలో నడవాలి. కాలువలకు, పైపులకు జిల్లా సరిహద్దు తెలియదు. కనుక మీ పొరుగు కార్యాలయంలో మీ పని ఎవరి చేతికి వెళుతుందో ఆ మనిషి దగ్గరికి మొదటి నెలలోనే ఒకసారి వెళ్లండి. మీరు పంపే కాగితంలో ఆయన ఏ వరుస చదువుతాడో, ఏ వరుస వదిలేస్తాడో అడగండి.

ఊరి ట్యాంకుల మీద శుభ్రపరచవలసిన తేదీలు పెయింటుతో రాసి ఉంటాయి. అవి కడగవలసిన తేదీలు మాత్రమే. నిజంగా కడిగారో లేదో ఆ పెయింటు చెప్పదు. దేవరకొండ వైపు ఒక ఊళ్లో ట్యాంకు చూసుకునే ఆయన ఆ పెయింటు కిందే సుద్దముక్కతో తన మాట రాసేవాడు: "ఇయ్యాల కడిగిన. బ్లీచింగ్ ఏసిన. రేపు పొద్దుగాల దాక తాగద్దు." అంగన్‌వాడీ టీచరు ఆ దారిన పోతూ అది చదివి, ఆ రోజుకు పిల్లలకు పాత బిందెలోని నీళ్లే పోసేది. మర్నాడు ఆయన వచ్చి ఆ రాత తుడిచేసేవాడు.