చింతపిక్కల జిగురు పొడిలో యాంటీఆక్సిడెంట్లు నిజంగా ఉన్నాయా?

అందరికీ నమస్తే అండీ. ఈ రోజు బల్ల మీద రెండు ప్యాకెట్లున్నాయి, రెండూ చింతపిక్కల పొడే. ఒకటేమో మైదాలా తెల్లగా ఉంది, ఇంకోటి కాఫీ పొడి రంగులో ఉంది. రెండిటి మీదా ‘యాంటీఆక్సిడెంట్లు పుష్కలం’ అని ఒకే మాట రాశారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ముందు తెల్లది. చెంచాడు పొడి గ్లాసు చన్నీళ్లలో వేశాను, చూడండి, ఉండలు కట్టేసింది, ఎంత తిప్పినా సరిగ్గా కలవట్లేదు. స్టవ్ మీద పెట్టి కలుపుతూ ఉడికిస్తేనే... ఇదిగో, ఇప్పుడు గంజిలా చిక్కబడి గరిటె నుంచి తీగలా జారుతోంది. తెలంగాణలో గొంగళ్లు నేసేవాళ్లు ఉన్ని పోగులకి పట్టించేది ఈ చింతపిక్కల గంజే.

ఈ జిగురు పేరు జైలోగ్లూకాన్. గ్లూకోజ్‌లని దండలా గుచ్చి, ఆ దండకి పక్కన జైలోజ్ అనే ఇంకో చక్కెర, కొన్నిచోట్ల దాని కొసన గాలాక్టోజ్ తగిలించినట్టు ఉంటుంది. అసలు దండ అచ్చం పత్తిలో ఉండే సెల్యులోజ్‌దే, కానీ ఈ పక్క కొమ్మలు దండల్ని ఒకదానికొకటి గట్టిగా అతుక్కోనివ్వవు కాబట్టి మధ్యలోకి నీళ్లు దూరతాయి. గోరుచిక్కుడు గింజ, మెంతులు కూడా ఇలాంటివే, కాకపోతే అక్కడ దండ మానోజ్‌ది: గోరుచిక్కుడులో సుమారు రెండు మానోజ్‌లకి ఒక గాలాక్టోజ్ కొమ్మ, మెంతుల్లో దాదాపు ప్రతిదానికీ ఒకటి.

సరే, ఇవన్నీ చక్కెరలే కదా. యాంటీఆక్సిడెంట్ పనల్లా ఫ్రీ రాడికల్స్‌ని, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో పక్కవాటి మీద పడే చురుకైన అణువుల్ని, ఆపడమే. మరి ఫ్రీ రాడికల్‌ని ఆపేదెవరు? ఎక్కువగా ఫినాల్ జాతి పదార్థాలు. అవి ఒక హైడ్రోజన్‌ని తేలిగ్గా ఇచ్చేసి కూడా నిలకడగా ఉండగలవు, చక్కెరలు అంత తేలిగ్గా ఇవ్వవు. ల్యాబ్‌లో డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో వేసి, అది ఎంత పసుపురంగుకి తిరిగితే అంత బలం అని లెక్కేస్తారు. గింజల జిగురుకి అక్కడ మంచి మార్కులు వచ్చాయంటే చాలాసార్లు ఆ మార్కులు జిగురుకి అంటుకుని వచ్చిన ఫినాల్స్‌వి, ప్రొటీన్‌వి. ఆల్కహాల్‌తో కడిగి తెల్లగా శుద్ధి చేస్తే అవి చాలావరకు పోతాయి.

చింతపిక్కలో ఆ ఫినాల్స్ ఉన్నది నల్లటి తొక్కలో. పిక్క బరువులో పావు వంతు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే తొక్క ఉంటుంది, అందులో ఎపికాటెచిన్, ప్రోసయనిడిన్లు అనే ఫినాల్స్ దండిగా ఉంటాయి. రెండో ప్యాకెట్ ఆ తొక్కతో కలిపి ఆడించిందే.

ఇక్కడ చూడండి. రెండు పొడులూ విడివిడిగా వేణ్నీళ్లలో నానబెట్టి వడగట్టాను, రెండు రోజులు వెనిగర్‌లో ఇనప మేకులు నానేసిన నీళ్లు ఒక్కో చుక్క వేస్తున్నా. తెల్లదానిలో ఏమీ లేదు. గోధుమరంగుది... అబ్బ, సిరాలా నల్లబడిపోయింది! శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లతో గీస్తే నలుపు వచ్చేది ఇందుకే, టానిన్లు, అంటే ప్రోసయనిడిన్ల లాంటి వగరు ఫినాల్స్, ఇనుముతో కలవడం వల్ల. ఇది యాంటీఆక్సిడెంట్ బలాన్ని కొలిచే పరీక్ష కాదండీ, టానిన్లు ఏ ప్యాకెట్‌లో ఉన్నాయో చూపిస్తుంది, అంతే. గ్లాసులో పని చేసింది ఒంట్లోనూ అలాగే చేస్తుందని కూడా అనుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇదే టానిన్ కడుపులోనూ ఇనుముని పట్టేసుకుంటుంది. రక్తహీనత ఉన్నవాళ్లు, గర్భిణులు గోధుమరంగు పొడిని అన్నంతోగానీ ఐరన్ మాత్రలతోగానీ కలిపి తీసుకోకండి, డాక్టర్‌ని అడగండి.

నా మాట: సాస్, ఐస్‌క్రీమ్ చిక్కబడాలంటే తెల్లది చాలా బాగుంది, పూర్తి మార్కులు ఇస్తాను. కానీ దాని మీద ఆ యాంటీఆక్సిడెంట్ మాట తీసేయాలి, ఆ మాట చూసి ఎక్కువ డబ్బులు పెట్టకండి.