బిడ్డ ఐసీయూలో ఉన్నప్పుడు పరిశోధన కాగితం చేతికిస్తే…

[తెర మీద: గుంటూరు పెద్దాసుపత్రి. పసిపిల్లల వార్డు బయట బల్ల మీద ఒక కుటుంబం.]

గుంటూరు పెద్దాసుపత్రి కానివ్వండి, విజయవాడ సూర్యారావుపేటలో ఏ పిల్లల ఆసుపత్రైనా కానివ్వండి, పసిపిల్లల ఐసీయూ తలుపు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాటలే వినిపిస్తాయి. "నెలలు నిండలేదండీ, బాక్సులో పెట్టారు." "పుట్టగానే ఏడవలేదంట." "ఉమ్మనీరు తాగేశాడంట." తల్లి ఇంకా ఆపరేషన్ వార్డులోనే ఉంటుంది. తండ్రి మందుల చీటీ పట్టుకుని కిందికీ పైకీ తిరుగుతుంటాడు. అంత టెన్షన్‌లో ఒక డాక్టర్ వచ్చి, "మీ బిడ్డను ఒక పరిశోధనలో చేర్చుకోవచ్చా? ఇది చదివి చెప్పండి" అని కాగితం చేతిలో పెడితే?

ఎవరికైనా ముందు వచ్చే మాట ఒకటే. "మా బిడ్డ మీద ప్రయోగం చేస్తారా?"

అడగాల్సిన మాటే అది. నా జవాబు ముందే చెప్పేస్తాను. పరీక్షించి చూడకుండా చేసే వైద్యం కూడా ప్రయోగమే. కాకపోతే దానికి లెక్క రాసేవాళ్లుండరు, మిమ్మల్ని అడిగేవాళ్లూ ఉండరు. ఎందుకలా అంటున్నానో చూడండి.

[తెర మీద: పసిపాప పాదానికి చుట్టిన చిన్న పట్టీ, అందులో ఎర్ర లైటు. పక్కన మానిటర్ మీద 93.]

ఈ పట్టీ రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చెబుతుంది. నెలలు నిండకుండా పుట్టి ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు ఆ అంకె 90కీ 95కీ మధ్య ఉండేలా నర్సులు చూస్తారు. 98, 99కి వెళ్తే ఆక్సిజన్ తగ్గిస్తారు. చూస్తున్న నాయనమ్మకు కంగారు. "ఎక్కువుంటే మంచిదే కదమ్మా, ఎందుకు తగ్గిస్తున్నారు?"

ఆ రెండు అంకెలు తేలడానికి దాదాపు డెబ్భై ఏళ్లు పట్టింది. 1940ల్లో అమెరికాలో నెలతక్కువ పిల్లలకు ఇంక్యుబేటర్లలో ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చేవాళ్లు. 1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ అనే కంటి డాక్టర్, ఇలాంటి పిల్లల్లో అంతకుముందు చూడని అంధత్వాన్ని గుర్తించారు. ఆ తర్వాత పదేళ్లలో ప్రపంచం మొత్తం మీద సుమారు 10,000 మంది పిల్లలకు చూపు పోయిందని అంచనా. వాషింగ్టన్‌లో ఆర్నాల్ పాట్జ్ అనే డాక్టర్, ఆక్సిజన్ మీదే అనుమానం వచ్చి, కొందరు పిల్లలకు ఎక్కువ, కొందరికి తక్కువ ఇచ్చి పోల్చి చూడబోయారు. తక్కువ ఇస్తున్న పిల్లలు చనిపోతారేమోనన్న భయంతో రాత్రిపూట కొందరు నర్సులు వచ్చి ఆక్సిజన్ పెంచేసేవాళ్లు. పిల్లల మీద ప్రేమతో చేసిన పనే అది. ఆ ప్రేమే కళ్లు తీస్తోందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1953–54లో 18 ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధనతో గానీ విషయం తేలలేదు.

తేలాక ఇంకో పొరపాటు జరిగింది. భయపడిపోయి అందరికీ ఆక్సిజన్ మరీ తగ్గించేశారు. కళ్లు దక్కాయి, కానీ ఊపిరందక పోయే పిల్లలు పెరిగారు. మరి ఎంత ఇవ్వాలి? 2010లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 1,316 మంది నెలతక్కువ పిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు 85 నుంచి 89, ఇంకో గుంపుకు 91 నుంచి 95. తక్కువ ఆక్సిజన్ గుంపులో బతికిన పిల్లల్లో తీవ్రమైన కంటి జబ్బు 8.6 శాతం, ఎక్కువ గుంపులో 17.9 శాతం. కానీ ఇంటికి వెళ్లకముందే చనిపోయిన పిల్లలు మాత్రం తక్కువ గుంపులో 19.9 శాతం, ఎక్కువ గుంపులో 16.2 శాతం. ఇంకొన్ని దేశాల పరిశోధనలు కూడా అటే మొగ్గాయి. చూపు కోసం ప్రాణాన్ని పణంగా పెట్టలేం. అందుకే కింది గీత 90 దగ్గర గీశారు. కంటి జబ్బును కనిపెట్టి వైద్యం చేయొచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెబుతాను, ఇది అందరికీ పనికొస్తుంది. బిడ్డ 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు బరువుతో పుట్టినా, 30 రోజులు నిండేలోగా కంటి నరాల పరీక్ష జరగాలి. మరీ చిన్న పిల్లలకైతే రెండు మూడు వారాలకే చేయించాలి. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. మనకు తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. దూరం అనుకోవద్దు, "పచ్చి బాలింత, నెల దాటాక చూద్దాంలే" అని వాయిదా వేయొద్దు.

[తెర మీద: తల్లి గుండెల మీద, చీర కొంగు కింద ఒదిగిన చిన్న పాప.]

ఇప్పుడు ఖర్చు లేని వైద్యం. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టర్ బిడ్డను నేరుగా తల్లి ఒంటికి ఆనించి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ కేర్ అంటున్నది దాన్నే. ఇది మంచిదని చాలాకాలంగా తెలుసు. కానీ "బిడ్డ కాస్త కుదుటపడ్డాక చేద్దాం" అనేవాళ్లు. పుట్టిన వెంటనే మొదలుపెడితే ఏమవుతుంది? ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఐదు ఆసుపత్రులు పరీక్షించాయి. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలు 3,211 మంది. ఆలస్యంగా మొదలుపెట్టిన గుంపులో 28 రోజుల్లో 15.7 శాతం మంది చనిపోతే, వెంటనే మొదలుపెట్టిన గుంపులో 12 శాతం. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే, పైనుంచి లెక్కలు చూస్తున్న స్వతంత్ర కమిటీ, ఇక ఒక గుంపుకు ఆలస్యంగా మొదలుపెట్టడం సరికాదని పరిశోధనను ముందే ఆపించింది. 2021లో ఫలితం వచ్చింది, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచన మార్చింది.

తల్లికి ఐసీయూలోనే మంచం వేయాలన్నమాట. మన ఆసుపత్రుల్లో ఇంకా చాలాచోట్ల బాలింత ఒక అంతస్తులో, బిడ్డ ఇంకో అంతస్తులో. నాకు బాధ కలిగించే విషయం ఇది. తల్లి లేవలేకపోతే నాన్న కూర్చోవచ్చు, అమ్మమ్మ కూర్చోవచ్చు. "మేం లోపలికొచ్చి కంగారూ కేర్ ఇవ్వొచ్చా?" అని అడగడానికి మొహమాటపడకండి.

[తెర మీద: ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు. గడియారం: 72 గంటలు.]

మన పిల్లల మీదే ఎందుకు చూడాలి, విదేశాల్లో చూశారుగా అనేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా వినండి. పుట్టగానే ఏడవని బిడ్డకు మెదడుకు ఆక్సిజన్ అందక దెబ్బ తగులుతుంది. అలాంటి బిడ్డ ఒంటిని 33.5 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచి మూడు రోజులు ఉంచితే ధనిక దేశాల్లో ప్రాణాలు దక్కాయి, వైకల్యం తగ్గింది. అక్కడ అది మామూలు వైద్యమైపోయింది. మన దేశంలోనూ చాలా ఆసుపత్రులు మొదలుపెట్టాయి.

సుధీన్ తయ్యిల్ అనే డాక్టర్ నాయకత్వంలో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆసుపత్రుల్లో 408 మంది పిల్లలతో దీన్ని పరీక్షించారు. మన పక్కనున్న చెన్నై కూడా అందులో ఉంది. దాని పేరు హీలిక్స్. 2021లో ఫలితం చూసి అందరూ నిర్ఘాంతపోయారు. చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం మంది చనిపోయారు. చల్లబరచని పిల్లల్లో 31 శాతం. వైకల్యంలో చెప్పుకోదగ్గ లాభమూ లేదు. ఇలాంటి దేశాల్లో పెద్ద ఐసీయూ ఉన్నా ఈ వైద్యం చేయొద్దని పరిశోధకులే రాశారు. ఇక్కడ చాలామంది పిల్లలకు మెదడు దెబ్బ కాన్పుకు ముందే మొదలై ఉండొచ్చని ఒక వివరణ. మన పిల్లల డాక్టర్ల మధ్య దీని మీద వాదన ఇంకా నడుస్తోంది, నడవాలి కూడా.

ఒక్కటి ఆలోచించండి. ఈ పరిశోధన జరగకపోతే, మంచి ఉద్దేశంతో, మంచి యంత్రాలతో, పిల్లల్ని చల్లబరుస్తూనే ఉండేవాళ్లం. బిడ్డ పోతే "జబ్బు తీవ్రంగా ఉందండీ" అనుకునేవాళ్లం.

ఆఫ్రికాలోనూ ఇలాంటిదే జరిగింది. జ్వరంతో రక్తప్రసరణ మందగించి షాక్‌లోకి వెళ్లిన పిల్లలకు సెలైన్ వేగంగా ఎక్కించడం మంచిదని అందరి నమ్మకం. 2011లో కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో మూడు వేల మందికి పైగా పిల్లల్లో చూస్తే, అలా ఎక్కించిన పిల్లల్లోనే మరణాలు ఎక్కువ.

[తెర మీద: అంగీకార పత్రం. వేలిముద్ర వేసే చోటు.]

సరే, కాగితం దగ్గరికి వద్దాం. మీ బిడ్డ ఏ గుంపులో పడుతుందో డాక్టర్ ఎంచుకోరు, లాటరీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. "అంటే మా పాపకు మంచిది దక్కకపోవచ్చా?" అని అడుగుతారు. రెండింటిలో ఏది మంచిదో తెలియకపోతేనే ఇలా చేయాలి. తెలిసీ చేస్తే అది నేరం.

ఆసుపత్రిలో ఈ మాటలు ఇలా నడవాలి.

"సంతకం పెట్టకపోతే మా బుజ్జోణ్ణి సరిగా చూడరా డాక్టరమ్మా?"

"అలాంటిదేం లేదు అమ్మమ్మ గారూ. వద్దంటే మామూలు వైద్యం మామూలుగానే జరుగుతుంది. ఇప్పుడు సరే అని, రేపు వద్దన్నా ఫర్వాలేదు. ఇంటికెళ్లి మాట్లాడుకుని రండి."

ఈ జవాబు రాకపోతే సంతకం పెట్టకండి. నేను మెత్తగా చెప్పడం లేదు, ఎందుకంటే మన తెలుగు నేల మీదే చేదు అనుభవం ఉంది. 2009లో ఒక పరిశోధన ప్రాజెక్టు కింద ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది విషయంలో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అడగకుండా చేసిన తప్పు తప్పే, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. ఆక్సిజన్ పరిశోధన చెప్పాను చూడండి, దాని పత్రాల్లో ప్రమాదాల గురించి స్పష్టంగా రాయలేదని అమెరికా ప్రభుత్వ విభాగం కూడా అదే ఏడాది ఆక్షేపించింది.

కొత్త మందుల పరీక్షలకు 2019 నుంచి మన దేశంలో కొత్త నియమాలున్నాయి. పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, అందులో కనీసం ఏడుగురు, వాళ్లలో వైద్యం చదవని మామూలు మనిషి, ఒక మహిళ తప్పనిసరి. పరీక్ష వల్ల బిడ్డకు హాని జరిగితే వైద్యం ఉచితం. కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రాకపోతే, ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండి, అంతా వివరించారని సంతకం చేయాలి. బిడ్డకు ఏడేళ్లు దాటితే వాళ్ల ఇష్టం కూడా అడగాలి.

రక్తం ఎంత తీస్తారో తప్పకుండా అడగండి. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపి 80, 90 మిల్లీలీటర్లే. "కొంచెమేనండీ" అంటే సరిపోదు, ఎన్ని మిల్లీలీటర్లో, ఎన్నిసార్లో చెప్పాలి. వీలైతే మామూలు పరీక్షలకు తీసేటప్పుడే దీనికీ తీయమనండి. కాగితం మీద సీటీఆర్‌ఐ (మన దేశంలో వైద్య పరిశోధనలు నమోదు చేసే రిజిస్టరు) నంబరు ఉందేమో చూడండి. ఆ నంబరుతో పరిశోధన వివరాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లాడు ఉంటే ఫోన్‌లో వెతికి చదివి వినిపించమనండి.

మీరు ఒప్పుకుంటే, మీ వంతు పని ఒకటుంది. హీలిక్స్‌లో పిల్లలు నడుస్తున్నారా, మాట్లాడుతున్నారా అని పద్దెనిమిది నెలల వయసు దాటేదాకా చూశారు. అసలు జవాబు అప్పుడే దొరుకుతుంది. మనవైపు మిర్చి సీజన్‌కు ఒక ఊరు, ఆ తర్వాత ఇంకో ఊరు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. సిమ్ కార్డు మారిపోతుంది, ఆసుపత్రి వాళ్లు చేసే ఫోన్ ఎవరికో వెళ్తుంది. నంబరు మారితే వాళ్లకు చెప్పండి, మీ ఊరి ఆశా కార్యకర్త నంబరు కూడా రాయించండి. పిలిచిన రోజు బిడ్డను తీసుకెళ్లినప్పుడు, "ఇంతకీ ఏం తేలింది?" అని వాళ్లను అడగండి.