నెంబరు లిస్టులో లేదు కదా అని

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగం మంది విమానం నడపడం నేర్చుకుంటున్నవాళ్లు, సగం మంది విమానం రిపేరు నేర్చుకుంటున్నవాళ్లు అని నిర్వాహకులు చెప్పారు. రెండు వైపుల వాళ్లూ ఒకచోట కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ రోజు చెప్పబోయేది, ఇంజన్ భాగంలో లోపం బయటపడినప్పుడు వచ్చే నోటీసుల గురించి. ఇందులో ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉంటుంది.

2023 ఫిబ్రవరిలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. అమెరికాలో సిరస్ అనే కంపెనీ ఎస్‌ఆర్22 అనే చిన్న విమానం తయారు చేస్తుంది. ఆ నెలలో వాళ్లు ఉన్నట్టుండి తమ సొంత ఎస్‌ఆర్22లను ఎగరకుండా ఆపేశారు. కొద్ది రోజులకే ఆ ఇంజన్ తయారు చేసే కాంటినెంటల్ కంపెనీ ఎంఎస్‌బి23-01 అనే సర్వీస్ బులెటిన్, అంటే లోపం గురించి కంపెనీ పంపే నోటీసు, ఇచ్చింది. నెల తిరక్కుండానే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దాన్ని ఆదేశంగా మార్చింది.

ఇంతకీ తప్పు ఎక్కడుంది? వేలికి తొడుక్కునే ఉంగరమంత చిన్న వస్తువులో. ఈ ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు, దాని మీద కౌంటర్‌వెయిట్లు అనే బరువులు ఉంటాయి. ఇవి షాఫ్ట్‌కు బిగించేసినవి కావు, లోలకంలా కొంచెం ఊగుతాయి. సిలిండర్‌లో మంట పుట్టిన ప్రతిసారీ షాఫ్ట్ రవ్వంత మెలిపడి వెనక్కి వస్తుంది. ఆ వణుకును ఈ బరువులు తమలోకి తీసుకుంటాయి. బరువును పిన్నులు పట్టుకుంటాయి, పిన్ను జారిపోకుండా సర్‌క్లిప్ అనే చిన్న రింగు పట్టుకుంటుంది. 2021 జూన్ 1 నుంచి 2023 ఫిబ్రవరి 7 వరకు బిగించిన కొన్నింటిలో ఆ క్లిప్ గాడిలో సరిగా కూర్చోలేదేమోనని అనుమానం వచ్చింది. క్లిప్ ఊడితే పిన్ను జరుగుతుంది, పిన్ను జరిగితే బరువు ఊడి తిరుగుతున్న ఇంజన్ లోపల పడుతుంది. ఆ తర్వాత చాలా చిన్న విమానాల్లో పైలట్ చేతిలో మిగిలేది గ్లైడ్, అంటే ఇంజన్ లేకుండా గాలిలో జారుతూ దిగడం, ఒక్కటే. మీరు నేర్చుకునే సెస్నా 172 వెయ్యి అడుగుల ఎత్తు నుంచి గాలి లేని రోజున సుమారు ఒకటిన్నర నాటికల్ మైలు జారగలదు. కింద పొలముందా, ఊరుందా అన్నది ఆ నిమిషం అదృష్టం.

ఆ బులెటిన్‌లో చాలామందికి వింతగా అనిపించిన మాట ఒకటుంది. 200 గంటలు దాటిన ఇంజన్లను నడుపుకోవచ్చు, అంతకంటే తక్కువ తిరిగినవాటిని విప్పి చూడాలి అని. కొత్తది ప్రమాదం, వాడినది నయం! ఆలోచిస్తే అర్థమవుతుంది. సరిగా కూర్చోని క్లిప్ మొదట్లోనే బయటపడుతుంది. 200 గంటలు నిలిచిందంటే అది గాడిలో ఉన్నట్టే లెక్క. ఇలాంటి కారణాన్ని అర్థం చేసుకున్న మెకానిక్ పని వేరుగా ఉంటుంది, తారీఖు చూసి టిక్కు పెట్టే మెకానిక్ పని వేరుగా ఉంటుంది.

బులెటిన్‌కీ ఏడీకీ తేడా రెండు మాటల్లో చెప్తాను. బులెటిన్ కంపెనీ ఇచ్చేది. పైన ‘మ్యాండేటరీ’ అని రాసున్నా, అమెరికాలో సొంతానికి ఎగిరే యజమాని దాన్ని పాటించి తీరాలని చట్టం లేదు. ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అంటే మనం ఏడీ అనేది, ప్రభుత్వం ఇచ్చేది. అది చట్టం. ఇంజన్ డిజైన్ ఏ దేశానిదో ఆ దేశపు ఏడీని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఇక్కడా పాటించాల్సిందే. చట్టపరమైన తేడా అంతే. ‘ఏడీ వచ్చేదాకా చూద్దాం’ అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. లోపం ఎదురుగా ఉన్నప్పుడు, ఏడీ వచ్చేలోపు ఎవరి పిల్లలో ఆ విమానంలో ఎగురుతారు.

ఇప్పుడు నేను ఇంత దూరం వచ్చింది ఏ మాట చెప్పడానికో ఆ మాటకు వస్తాను. నోటీసు రాగానే అందరూ చేసే మొదటి పని, ఇంజన్ నేమ్‌ప్లేట్ మీద సీరియల్ నెంబరు చూసి లిస్టులో వెతకడం. లేదనగానే ‘వర్తించదు’ అని లాగ్‌బుక్‌లో రాసేసి ఊపిరి పీల్చుకుంటారు. కానీ లోపం ఇంజన్ నెంబరులో ఉండదు, భాగంలో ఉంటుంది. భాగాలు ఇల్లు మారుతుంటాయి.

2017లో లైకమింగ్ అనే ఇంజన్ల కంపెనీ ఇచ్చిన బులెటిన్ 632 చూడండి. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ చిన్న కొసలో ఉండే బుష్, అంటే కంచు గొట్టం ముక్క, తన చోటు నుంచి జరుగుతోంది, దానివల్ల రాడ్ విరుగుతోంది అని. దాని మీద వచ్చిన ఏడీ 2017-16-11 ఇంజన్ సీరియల్ నెంబర్లతో ఆగలేదు. విడిగా కొన్న ఆ భాగాలతో ఓవర్‌హాల్ చేసిన, అంటే పూర్తిగా విప్పి కొత్తగా కట్టిన, రిపేరు చేసిన ఇంజన్లకూ వర్తిస్తుందని రాసింది. అంటే ఇరవై ఏళ్ల పాత ఇంజన్ కూడా, పోయిన ఏడాది కొత్త రాడ్లు వేసుకుని ఉంటే, అందులో పడుతుంది. దాన్ని నేమ్‌ప్లేట్ చెప్పదు. ఓవర్‌హాల్ కాగితాలు చెప్తాయి, విడిభాగాల బిల్లు చెప్తుంది, ప్యాకెట్ మీది లేబుల్ చెప్తుంది. అందుకే ఆ లేబుల్ చెత్తబుట్టలో వేయొద్దు అని ప్రతి బ్యాచ్‌కూ చెప్తుంటాను.

నా చేతిలో జరిగినదే ఒకటి చెప్తాను, పేర్లు వద్దు. ఒక ఫ్లయింగ్ క్లబ్బులో కార్బురేటర్ ఫ్లోట్ల మీద నోటీసు వచ్చింది. ఇంజన్‌కు పెట్రోలు అందించే కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలుతూ దాని మట్టాన్ని అదుపులో ఉంచేవి ఈ ఫ్లోట్లు. రికార్డులో ‘వర్తించదు’ అని అప్పటికే రాసేశారు. రాసినది అబద్ధం కాదు, ఆ ఇంజన్‌తో వచ్చిన కార్బురేటర్‌కు అది నిజంగానే వర్తించదు. కానీ ఆ కార్బురేటర్ ఇప్పుడు ఆ విమానం మీద లేదు. రెండేళ్ల కిందట పక్క విమానంది తీసి దీనికి పెట్టారు. ఎవరో ఒక లైను రాశారు, అదీ వేరే పుస్తకంలో. నేను గిన్నె విప్పి ఫ్లోట్ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పెట్రోలు గిలక్‌మంది. తేలాల్సిన వస్తువు నీళ్లు పట్టిన పడవలా ఉంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ముందు రోజు కూడా ఒక స్టూడెంట్ ఒంటరిగా ఆ విమానంలో ఎగిరాడు.

లిస్టు కూడా ఒకచోట నిలవదు. లైకమింగ్ క్రాంక్‌షాఫ్టుల ఉదంతం 2002లో 300 హార్స్‌పవర్, ఆ పైన ఉన్న టర్బో ఇంజన్లతో మొదలైంది. లోహంలోనే లోపం. ఆ ఏడాది కొన్ని ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్‌కు ప్రొపెల్లర్ బిగించే అంచు, అంటే ఫ్లాంజ్, నుంచి చిన్న ముక్క తొలిచి ల్యాబ్‌కు పంపాల్సి వచ్చింది. 2005లో, మళ్లీ 2006లో మరిన్ని మోడళ్లు చేరాయి. 2002లో ‘నాది కాదు’ అనుకున్నవాళ్లలో కొందరికి 2006లో కబురొచ్చింది. 632 కూడా 632ఎ, 632బి అయింది. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఆఖరి రివిజనేనా అని పని మొదలుపెట్టే రోజు ఉదయం ఒకసారి చూసుకోండి. ఖర్చు ఎవరు భరించాలి అన్న గొడవ యజమానులకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వాళ్ల బాధ న్యాయమైనదే. అయితే ఆ గొడవ తేలేదాకా విమానం హ్యాంగర్‌లోనే ఉండాలి.

ఇక చేసే పని సంగతి. కొన్ని నోటీసులకు పెద్ద శ్రమ ఉండదు. ఎన్‌సీసీ పిల్లలు ఎగిరే వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 మైక్రోలైట్‌లో రోటాక్స్ 912 ఉంటుంది. దాని ఫ్లోట్లు జత కలిపి 7 గ్రాములు దాటకూడదు. బంగారం కొట్లో ఉండేలాంటి త్రాసు చాలు. కానీ కాంటినెంటల్ క్లిప్ లాంటిది చూడాలంటే సిలిండర్ విప్పాలి, నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది ఇదే. సిలిండర్‌ను పట్టుకునే త్రూ బోల్టులే క్రాంక్‌కేస్, అంటే క్రాంక్‌షాఫ్ట్ ఉండే పెట్టె, దాని రెండు సగాలనూ కలిపి పట్టుకుంటాయి. వాటిని వదులు చేశాక ఎవరైనా తెలియక ప్రొపెల్లర్ తిప్పితే లోపల క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగ్ షెల్ పక్కకు జరగొచ్చు. జరిగితే ఆయిల్ రంధ్రం మూసుకుపోతుంది. అన్నీ బిగించాక బయటికి ఏమీ తెలియదు. లేని లోపాన్ని వెతకబోయి మనమే లోపం పెట్టినట్టవుతుంది. కాబట్టి ప్రొపెల్లర్‌కు ‘తిప్పవద్దు’ అని బోర్డు కట్టండి. విప్పిన చోట, సిలిండర్ లేకపోయినా బోల్టుల బిగువు పోకుండా పట్టే టార్క్ ప్లేట్లు వేయండి. నట్టు కూర్చునే చోట పెయింట్ ఉంటే గీకేయండి, ఆ పెయింట్ పొర నలిగిందంటే మీరు ఇచ్చిన టార్క్, అంటే బిగువు, పోతుంది. రెండు వైపులా, మాన్యువల్ చెప్పిన వరసలో బిగించండి. ఆ పని మధ్యలో ఫోన్ వస్తే ఎత్తొద్దు. ఎత్తితే మొదటి నట్టు నుంచి మళ్లీ రండి.

పైలట్లు అవబోయేవాళ్లకు ఒక మాట. విమానం ఎక్కే ముందు ‘దీని ఏడీ స్టేటస్ ఒకసారి చూపిస్తారా’ అని అడగండి. సార్ ఏమనుకుంటారో అని మన పిల్లలు అడగరు, నాకు తెలుసు. అడగండి. మంచి ఇంజనీర్ అయితే ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. చిరాకు పడ్డాడంటే ఆ రోజు ఎగరకపోయినా నష్టం లేదు.

ఈ నోటీసులు ఆకాశంలోంచి ఊడిపడవు. ఎక్కడో ఒక షెడ్డులో ఒక మెకానిక్ ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, ఏదో మెరవడం చూసి, ‘ఇదేంటి’ అనుకుని రిపోర్టు రాస్తాడు. అలాంటివి కొన్ని పోగయ్యాకే కంపెనీ కదులుతుంది. రాడ్ బుష్ అరుగుతుంటే ముందు తెలిసేది ఫిల్టర్‌లోనే, ఇత్తడి రంగు రవ్వలుగా. మనవాళ్లు అది చూసి భాగం మార్చేసి ఊరుకుంటారు. డిఫెక్ట్ రిపోర్టు రాయడం పావుగంట పని. ఆ పావుగంట రాంచీలోనో, రాజమండ్రిలోనో అదే భాగం మీద ఎగురుతున్న ఒకరికి అందుతుంది.

ఈ టేబుల్ మీద కోసిన ఫిల్టర్ ఒకటి పెట్టాను. పక్కన మ్యాగ్నెట్, భూతద్దం ఉన్నాయి. ఇనుప రవ్వలు మ్యాగ్నెట్‌కు అంటుకుంటాయి, కంచు రవ్వలు అంటుకోవు. ప్రశ్నలు అడగబోయే ముందు ఒక్కొక్కరే ముందుకొచ్చి చూడండి. మూడో మడతలో ఏముందో చూసి మీరే నాకు చెప్పండి.