పోస్ట్‌డాక్ ప్రెజెంటేషన్ పోటీల్లో మార్కులు ఎక్కడ పడతాయి, ఎక్కడ పోతాయి

[తెర మీద: ఒకే ఒక్క స్లైడ్. మూలన 3:00 నుంచి వెనక్కి లెక్కపెట్టే టైమర్.]

పీహెచ్‌డీ చేస్తున్నన్నాళ్లూ మన పని గురించి అడిగేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. కమిటీ ఉంటుంది, ప్రోగ్రెస్ రిపోర్ట్ ఉంటుంది, చివర్లో వైవా ఉంటుంది. పోస్ట్‌డాక్‌లో, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఒక గైడ్ ల్యాబ్‌లో కొన్నేళ్లు చేసే పరిశోధన ఉద్యోగంలో, చేరాక ఆ అడగడాలు చాలావరకు ఆగిపోతాయి. మీరు రెండు మూడేళ్లు రాత్రీపగలూ కూర్చుని తీసిన డేటా గైడ్ ఏదో కాన్ఫరెన్స్‌లో చెప్తారు, చివరి స్లైడ్‌లో పదిమంది పేర్ల మధ్య మీ పేరు అలా వచ్చి ఇలా పోతుంది. మెడికల్ స్కూళ్లలో పోస్ట్‌డాక్‌ల కోసం విడిగా పెట్టే ప్రెజెంటేషన్ పోటీలంటే నాకు అంత ఇష్టం అందుకే, ఆ కాసేపూ మైకు మీ చేతిలో ఉంటుంది, ప్రశ్న వస్తే మీరే జవాబు చెప్పాలి.

ముందు ఈ పోటీలు ఎలా ఉంటాయో త్వరగా చెప్పేస్తాను. ఎక్కువ చోట్ల ఒక చిన్న అబ్‌స్ట్రాక్ట్, అంటే మీ పని సారాంశం, అడుగుతారు, దాన్ని బట్టి కొందరిని పోస్టర్‌కి, కొందరిని పది నిమిషాల టాక్‌కి పిలుస్తారు. ఇప్పుడు మూడు నిమిషాల పోటీలు కూడా బాగా పెరిగాయి. వీటికి మూలం ఆస్ట్రేలియాలో ఉంది. క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ 2008లో త్రీ మినిట్ థీసిస్ అనే పోటీ మొదలుపెట్టింది. ఆ రోజుల్లో అక్కడ కరువు, స్నానానికి నీళ్లు ఎక్కువ వాడకుండా జనం బాత్రూమ్‌లో మూడు నిమిషాల టైమర్ పెట్టుకునేవాళ్లు, ఆలోచన అక్కడ పుట్టింది. ఒకే స్లైడ్, యానిమేషన్ ఉండకూడదు, చేతిలో వస్తువేదీ పట్టుకోకూడదు, మూడు నిమిషాలు దాటితే పోటీలోంచి అవుట్. అది పీహెచ్‌డీ విద్యార్థుల కోసం పెట్టింది కాబట్టి పోస్ట్‌డాక్‌ల కోసం చాలా సంస్థలు అదే పద్ధతిలో సొంత పోటీలు పెట్టుకున్నాయి. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ అయితే 1995 నుంచే ఫేర్ అనే అవార్డు ఇస్తోంది, అక్కడి ఫెలోల అబ్‌స్ట్రాక్ట్‌లకు మార్కులు వేసి, గెలిచినవాళ్లకు కాన్ఫరెన్స్‌కి వెళ్లడానికి డబ్బిస్తారు.

ఇక అసలు విషయానికి వద్దాం. మీ ముందు కూర్చున్న జడ్జి మీ ఫీల్డ్ మనిషి కాదు. మెడికల్ స్కూల్ కదా, ఒకరు సర్జన్ కావచ్చు, ఒకరు బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య పరిశోధనల గణాంకాలు చూసేవాళ్లు, ఇంకొకరు ప్రోటీన్ స్ట్రక్చర్లు చూసేవాళ్లు. ముగ్గురూ తెలివైనవాళ్లే, ముగ్గురికీ మీ షార్ట్‌ఫారాలు తెలియవు. మన తయారీ మాత్రం ల్యాబ్ మీటింగ్‌కి వెళ్తున్నట్టే ఉంటుంది, ఎక్కువమందికి మార్కులు పోయేది అక్కడే.

[తెర మీద: రెండు వాక్యాలు, ఒకదాని కింద ఒకటి.]

గుండెపోటు తర్వాత గుండెలో ఏర్పడే మచ్చ మీద మీరు పని చేస్తున్నారనుకుందాం. మామూలుగా ఎలా మొదలుపెడతాం? "టీజీఎఫ్-బీటా సిగ్నలింగ్ ద్వారా జరిగే మయోఫైబ్రోబ్లాస్ట్ యాక్టివేషన్‌లో ఫలానా ప్రోటీన్ పాత్ర." తప్పేం లేదు, కానీ జడ్జిలు ముగ్గురూ అప్పటికే ఫోన్ వైపు చూస్తుంటారు. అదే ఇలా మొదలుపెట్టి చూడండి: "చర్మం మీద గాయం మానితే మచ్చ మిగులుతుంది, దాంతో పెద్ద నష్టం లేదు. అదే మచ్చ గుండె మీద పడితే ఆ మేర గుండె ఇక కొట్టుకోదు. గాయం మానేదాకా మచ్చ కావాలి, ఆ తర్వాత పెరగకూడదు. ఇక చాలు అని ఆ కణాలకు ఎవరు చెప్తారు? నేను వెతికింది అదే." టీజీఎఫ్-బీటా పేరు తర్వాత చెప్పుకోవచ్చు, ఎందుకు వినాలో జడ్జికి అప్పటికి తెలిసిపోయి ఉంటుంది.

చివరి వాక్యంలో "నేను" అన్నాను, గమనించారా? మనకి "మేము" అని అలవాటు, మర్యాద కూడా. కానీ పోటీలో అంతా "మేము చేశాం, మేము చూశాం" అంటే మీరేం చేశారో జడ్జికి తెలిసే దారి లేదు. ఎలుకల సర్జరీ మీ సహోద్యోగి చేసి ఉంటే ఆమె చేసిందని చెప్పండి, ఆ తర్వాత "కణాలను వేరు చేసి సీక్వెన్సింగ్ విశ్లేషణ నేను చేశాను" అనండి. రెండూ నిజాలే, రెండూ చెప్పాలి.

స్లైడ్ల గురించి ఎక్కువ చెప్పను, అక్షరాలు పెద్దగా ఉండాలని అందరికీ తెలుసు. రంగుల మాట మాత్రం వినండి. మైక్రోస్కోప్ బొమ్మల్లో ఎరుపు, ఆకుపచ్చ కలిపి పెడతాం. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మంది ఆ రెండు రంగుల తేడా సరిగా పట్టుకోలేరు. మీ జడ్జి వాళ్లలో ఒకరైతే మీ ముఖ్యమైన ఫలితం ఆయనకు కనపడనట్టే. ఎరుపు బదులు మెజెంటా పెట్టండి, రెండు నిమిషాల పని.

[తెర మీద: ఒక బార్ గ్రాఫ్. కింద మూలన "ఎన్ = 300" అని చిన్న అక్షరాలు.]

ఈ 300 చూడండి, ఎన్ అంటే ఎన్నింటిని లెక్కపెట్టామో ఆ సంఖ్య. 300 ఏమిటి? కణాలా, ఎలుకలా? మూడు ఎలుకల నుంచి తలా 100 కణాలు లెక్కపెట్టి, ఆ 300నీ వేర్వేరు సాక్ష్యాలుగా టెస్ట్‌లో వేస్తే పీ వాల్యూ, అంటే అసలు తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకె, అద్భుతంగా వస్తుంది. కానీ ఒకే ఎలుకలోని కణాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, మందు ఇచ్చింది ఎలుకకి, కాబట్టి మీ దగ్గర నిజంగా ఉన్నవి మూడే. బయోస్టాటిస్టిక్స్ జడ్జి ఎదురుచూసేది సరిగ్గా ఈ చోటు కోసమే. గ్రాఫ్ కిందే "మూడు ఎలుకలు, ఒక్కోదాంట్లో 100 కణాలు" అని రాయండి, ఎలుకను లెక్కలోకి తీసుకునే టెస్ట్ వాడండి. ఫలితం కాస్త బలహీనపడినా ఫర్వాలేదు, అడిగితే నిలబడుతుంది.

వెళ్లేముందు చూసుకోవలసినవి రెండున్నాయి, వీటికి మార్కులుండవు కానీ వదిలేస్తే పెద్ద చిక్కే. స్కాన్ పెడుతుంటే దాని మూలల్లో పేషెంట్ పేరు, తేదీ, ఆస్పత్రి నంబర్ ఉన్నాయేమో జూమ్ చేసి చూడండి, పైన నల్లడబ్బా పెడితే సరిపోదు, బొమ్మలోంచే తీసేయాలి. రెండోది పేటెంట్. బయటివాళ్లు వినే సభలో కొత్త విషయం చెప్పేశారంటే అది బహిరంగపరిచినట్టే, అమెరికాలో ఆ తర్వాత ఒక సంవత్సరం గడువు ఉంటుంది, యూరప్‌లో మామూలుగా ఆ గడువు కూడా ఉండదు. అబ్‌స్ట్రాక్ట్ పంపే ముందే గైడ్‌ని, పేటెంట్ ఆఫీస్‌ని అడగండి.

ఇక రిహార్సల్. ఇంగ్లీషులో అయితే మూడు నిమిషాలకు సుమారు 400 పదాలు పడతాయి, అంతకు మించి రాసుకుంటే పరుగెత్తాల్సి వస్తుంది. నేను జడ్జిగా కూర్చున్న ఒక పోటీలో ఒకబ్బాయి పది నిమిషాలకు 22 స్లైడ్లు తెచ్చాడు, గంట మోగేసరికి ఇంకా పద్ధతుల దగ్గరే ఉన్నాడు, అసలు ఫలితం చెప్పనేలేదు. పని చాలా మంచిది, నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. అదే రోజు పోస్టర్ల దగ్గర ఒకమ్మాయి నేను వెళ్లగానే "మీది ఏ విభాగం సార్?" అని అడిగింది. చెప్పాను. ఒక్క క్షణం ఆగి, మెథడ్స్ పక్కన పెట్టి, పోస్టర్ మధ్యలో ఉన్న ఒకే ఒక్క బొమ్మ మీద వేలు పెట్టి మొదలుపెట్టింది. నేను అడిగిన రెండో ప్రశ్నకు "ఆ ప్రయోగం ఇంకా చేయలేదు సార్, చేస్తే ఈ కంట్రోల్ పెట్టి చేస్తాను" అని ఆ కంట్రోల్, అంటే ఫలితాన్ని పోల్చి చూడటానికి పక్కన పెట్టేది, ఏమిటో చెప్పింది. ప్రశ్నోత్తరాల కింద ఆమెకు నేను పూర్తి మార్కులు వేశాను.