టోపీ లేకుండా సెల్యూట్

అందరికీ నమస్కారం. సీనియర్లకు జైహింద్.

మాట్లాడమని కబురు వచ్చినప్పుడు యుద్ధాల గురించేమో అని భయపడ్డాను. కాదట, మాజీ సైనికులు ఇష్టపడే మిలటరీ సీరియళ్ల గురించట. బతికిపోయాను. నేను సిగ్నల్స్‌లో పదిహేడేళ్లు తీగలు లాగినవాణ్ణి, యుద్ధం గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు మీలోనే ఉన్నారు. టీవీ చూడటం మాత్రం రిటైరయ్యాక నిష్ఠగా చేశాను.

టీవీలో మిలటరీ సీన్ వస్తే మా ఆవిడ రిమోట్ దాచేస్తుంది. ఎందుకంటే నేను కథ చూడను. హీరో నెత్తిన ఏమీ లేకుండా సెల్యూట్ కొడతాడు, ఇక నేను మొదలుపెడతాను. మన ఆర్మీలో తల మీద టోపీయో బెరేయో పగ్డీయో లేకపోతే చెయ్యెత్తం కదా, సావధాన్‌లో నిలబడతాం, అంతే. ఆ హీరోకి చెవుల మీద దాకా జుట్టు. వారం రోజులు బంకర్లో ఉండి బయటికొస్తే ఇస్త్రీ నలగదు. "మీరు చూడరు, నన్ను చూడనివ్వరు" అంటుంది మా ఆవిడ. ఇక్కడ కూర్చున్న అక్కలు కొందరు తల ఊపుతున్నారు, కనిపిస్తూనే ఉంది.

ఇలా తప్పులు పట్టే మాలాంటివాళ్లను 1989లో ‘ఫౌజీ’ కూర్చోబెట్టింది. దూరదర్శన్‌లో 13 భాగాలు. లెఫ్టినెంట్ అభిమన్యు రాయ్ వేషం కట్టిన కుర్రాడు షారుఖ్ ఖాన్. అప్పటికి ఆ పేరు మాకెవరికీ తెలియదు. బారక్ మొత్తానికి ఒక్క టీవీ. బొమ్మ వణికితే యాంటెనా తిప్పడానికి పైకి ఎక్కాల్సింది నేనే. "సిగ్నల్ నీ డిపార్ట్‌మెంటే కదరా" అనేవాళ్లు. అందుకని సగం ఎపిసోడ్లు డాబా మీంచి చెవులతో చూశాను.

అంతకు ముందు ఏడాదే చేతన్ ఆనంద్ తీసిన ‘పరమ్ వీర్ చక్ర’ వచ్చింది. గొప్ప వీరుల కథలు. చూస్తుంటే గొంతు పట్టేసేది, ఎపిసోడ్ అయ్యాక ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఫౌజీ వచ్చినప్పుడు మాత్రం ఒకటే గోల. "వీడు మన ఫలానావాడేరా", "ఆ మేజర్ అచ్చం మన సాబే". అందులో ఎక్కువ భాగం ట్రైనింగు, కుర్రాళ్ల అల్లరి, అన్నదమ్ముల పేచీలు. తీసినాయన కల్నల్ రాజ్ కపూర్. సినిమా రాజ్ కపూర్ కాదు, ఆర్మీలో చేసి వచ్చిన కల్నల్. పొద్దున్నే డ్రిల్ నేర్పే ఉస్తాద్ విజిల్ వేస్తే కడుపులో ఏం జరుగుతుందో తెలిసిన మనిషి. ఆ తెలియడం తెర మీద కనిపిస్తుంది. మనకు పరమవీరచక్ర రాలేదు, నిజమే. కానీ ఒకడు బూటు పాలిష్ చేయకపోతే ప్లటూన్ మొత్తం రగ్డా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష, తినడం మనందరికీ వచ్చు.

అమెరికావాళ్ల సీరియళ్లు నేను చాలా ఆలస్యంగా చూశాను, మా అబ్బాయి ఇంటికి డాలస్ వెళ్లినప్పుడు. ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ పది భాగాలు. 2001 సెప్టెంబరు 9న మొదలైంది, రెండు రోజులకే న్యూయార్క్‌లో టవర్లు కూలాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్లతో దూకే 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కి చెందిన ఈజీ కంపెనీ కథ. వియత్నాంలో పోరాడిన డేల్ డై అనే రిటైర్డ్ కెప్టెన్ నటులను పది రోజులు క్యాంపులో పెట్టి నలిపేశాడట. ఆ నలుగుడు వాళ్ల నడకలో తెలుస్తుంది.

నాకు పట్టుకున్నది యుద్ధం కాదు. ప్రతి భాగం మొదట్లో ముసలివాళ్లు కొందరు కెమెరా ముందు కూర్చుని రెండు ముక్కలు మాట్లాడతారు. పేర్లు వెయ్యరు. వీళ్లలో ఎవరు కథలో ఎవరో తెలియదు. చివరి భాగంలో గానీ పేర్లు రావు. తొమ్మిది భాగాలు నేను వాళ్ల ముఖాలు చూస్తూ, ఆ కుర్రాళ్లలో ఎవరు బతికారా అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

ఇంత శ్రద్ధగా తీసినదాంట్లోనూ ఒక తప్పు ఉంది. ఆల్బర్ట్ బ్లైత్ అనే సైనికుడు గాయం నుంచి కోలుకోలేక 1948లో చనిపోయాడని వేశారు. నిజానికి ఆయన ఆర్మీలోనే కొనసాగి, 1967 దాకా బతికాడు. కంపెనీ మిత్రులు ఆయన ఎప్పుడో పోయాడనే అనుకున్నారు. ఈ తప్పుకి మాత్రం నాకు కోపం రాలేదు. ట్రైనింగులో నా పక్క మంచం మీద పడుకున్నవాడు ఇప్పుడెక్కడున్నాడో నాకూ తెలియదు.

అబ్బాయి ఇంటి పక్కన ఒక పెద్దాయన ఉండేవాడు, వియత్నాం వెళ్లొచ్చినవాడు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆయన యాస నాకు అర్థం కాదు. అయినా సాయంత్రాలు కలిసి ‘మ్యాష్’ చూశాం. కొరియా యుద్ధంలో డేరాల కింద నడిచే ఆర్మీ ఆసుపత్రి కథ. అసలు యుద్ధం మూడేళ్లే, సీరియల్ 1972 నుంచి 1983 దాకా పదకొండు సీజన్లు నడిచింది! మొదలైనప్పటికి వియత్నాం యుద్ధం ఇంకా ముగియలేదు. కొరియా అని పేరు పెట్టి మా సంగతే చెప్పారు అన్నాడు ఆయన.

కామెడీ కాబట్టి వెనకాల నవ్వులు వినిపిస్తాయి. ఆపరేషన్ సీన్లలో మాత్రం నవ్వులు వెయ్యకుండా తీసినవాళ్లు ఛానల్‌తో పట్టుబట్టి ఒప్పించుకున్నారు. కత్తి పట్టుకుని డాక్టర్లు జోకులేస్తుంటారు, నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు. మిలటరీ ఆసుపత్రిలో పడుకున్నవాళ్లకి ఆ నిశ్శబ్దం తెలుసు. అందులో ఆర్మీ నుంచి తప్పించుకోవడానికి ఆడవేషం వేసే క్లింగర్ అనే పాత్ర ఉంది. ఆ నటుడు జేమీ ఫార్ నిజంగానే ఆర్మీలో చేసి, కొరియాలో ఉండి వచ్చినవాడు. మెడలో వేసుకున్న గుర్తింపు బిళ్లలు ఆయన సొంతవే.

మూడో సీజన్ చివర్లో కమాండింగ్ ఆఫీసర్ హెన్రీ బ్లేక్‌కి ఆర్మీ నుంచి డిశ్చార్జి వస్తుంది. పార్టీ చేసి సాగనంపుతారు. తర్వాత ఆపరేషన్ జరుగుతుండగా గుమాస్తా కుర్రాడు వచ్చి, ఆయన విమానం కూలిపోయిందని చదువుతాడు. డాక్టర్ల చేతులు ఆగవు, పని చేస్తూనే ఉంటాయి. పెద్దాయన ఆ సీన్ రాకముందే లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. ఎన్నిసార్లు చూసినా అంతేనట. తిరిగొచ్చి నాకు కాఫీ ఇచ్చాడు, అడగకుండానే.

ఆయనకి నేనొక సంగతి చెప్పబోయి, ఇంగ్లీషు చాలక వదిలేశాను. మీకు చెబుతాను. ఆ కొరియాకి మనవాళ్లూ వెళ్లారు. 60 పారా ఫీల్డ్ ఆంబులెన్స్ అని, యుద్ధరంగంలో వైద్యం చేసే యూనిట్, నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి.రంగరాజ్. 1950 చివర్లో చైనా సేనలు వచ్చి పడుతుంటే ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయాల్సి వచ్చింది. మనవాళ్లకి బండ్లు లేవు. మందులు, సామాను వదిలేసి పోవడానికి మనసు రాలేదు. ఒక పాత ఆవిరి రైలింజను, కొన్ని రైలు పెట్టెలు దొరికించుకున్నారు. బకెట్లతో నీళ్లు మోసి బాయిలర్ నింపారు. ఇంజను నడపడం తెలిసినవాళ్లు యూనిట్‌లోనే ఉన్నారు. వంతెన పేల్చేయకముందే సామానంతా ఏరు దాటించారు. 1951 మార్చిలో అమెరికన్ పారాట్రూపర్లతో పాటు మున్సన్ దగ్గర పారాచూట్లతో దూకి గాయపడ్డవాళ్లకి ఆపరేషన్లు చేశారు. రంగరాజ్ గారికి మహావీర్ చక్ర వచ్చింది.

బకెట్లు అందించుకుంటూ ఆ జవాన్లు ఒకళ్లనొకళ్లు ఏమని తిట్టుకుని ఉంటారో నేను ఊహించగలను. మీరూ ఊహించగలరు. ఎవరైనా దాన్ని పదమూడు భాగాలు తీస్తే, అందులో హీరో టోపీ లేకుండా సెల్యూట్ కొట్టినా సరే, రిమోట్ మా ఆవిడ చేతికే ఇచ్చి నోరు మూసుకుని చూస్తాను.

జైహింద్.