ఫోన్-ఇన్: మెదడు సిరల్లో గడ్డ, ఫిట్స్ మాత్రలు

వ్యాఖ్యాత: మెదడు సిరల్లో రక్తం గడ్డకడితే వచ్చే ఫిట్స్ గురించి న్యూరాలజిస్టు గారితో మాట్లాడుతున్నాం. నరసన్నపేట నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం బాబూ. మా అమ్మాయికి పురుడైన 12వ రోజున ఒకటే తలనొప్పి, వాంతులు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చీసింది. విశాఖ తీసుకెళ్తే మెదడులో గడ్డ అన్నారు. ఇప్పుడు మూడో నెల, మళ్ళీ రాలేదు. మొన్న షాపులో ఫిట్స్ మాత్ర లేదని వేరేది ఇచ్చారు. వేసీమంటారా?

డాక్టర్: ఇంకా వెయ్యలేదు కదా? రెండు అట్టల మీద పేర్లూ చదవండమ్మా.

శ్రోత: పాతది లెవెటిరాసిటమ్ 500. కొత్తది ఫెనిటాయిన్. ఇంకోటి వార్ఫరిన్, రాత్రిపూట వేస్తున్నాం.

డాక్టర్: కొత్తది తిరిగి ఇచ్చెయ్యండి. ఫెనిటాయిన్ మంచి మందే, కానీ రక్తాన్ని పలచన చేసే వార్ఫరిన్‌తో దానికి పడదు. రక్తం పలచన ఎంత ఉందో చెప్పే ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. ఇది కలిస్తే ఆ లెక్క తారుమారవుతుంది. పెరిగితే రక్తస్రావం, తగ్గితే మళ్ళీ గడ్డ. లెవెటిరాసిటమ్‌తో ఆ పేచీ లేదు. కంపెనీ మారినా ఫరవాలేదు, లోపలి మందు పేరు, 500 అంకె అవే ఉండాలి. ఈ పూట మాత్ర మాత్రం ఎలాగైనా సంపాదించండి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెట్టొచ్చు.

శ్రోత: రెండూ ఎన్నాళ్ళు బాబూ? పిల్లకి పాలు ఇవ్వొచ్చా?

డాక్టర్: ఇవ్వొచ్చు. వార్ఫరిన్ పాలల్లోకి దాదాపు రాదు. లెవెటిరాసిటమ్ కొంచెం వస్తుంది. పిల్ల మరీ మగతగా ఉన్నా, పాలు సరిగా తాగకపోయినా చూపించండి. ఇక గడువులంటారా, దేనిది దానికే. కాన్పు వల్ల వచ్చిన గడ్డకి వార్ఫరిన్ మామూలుగా 3 నుంచి 6 నెలలు. ఫిట్స్ మాత్ర స్కాన్‌లో మచ్చ ఎంతుంది, ఫిట్స్ ఎప్పుడొచ్చాయి అన్నదాన్ని బట్టి. జబ్బు బయటపడిన మొదటి వారంలోనే వచ్చి ఆగిపోతే కొన్ని నెలల తర్వాత మెల్లగా తగ్గిస్తారు. ఆ తర్వాత కూడా వస్తే ఎక్కువ కాలం వాడాలి. ఒకటి ఆపమన్నారని రెండోదీ ఆపెయ్యకండి.

ఇంకోటి. బాలింతకి నీళ్ళు ఎక్కువిస్తే ఒళ్ళు నీరుపడుతుందని నోరు కట్టేస్తారే, అది మానండి. కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తం అసలే గడ్డకట్టే గుణంతో ఉంటుంది, ఒంట్లో నీరు తగ్గితే మరీ చిక్కబడుతుంది. దాహం వేసినప్పుడల్లా ఇవ్వండి. ఆకుకూరలూ మానిపించొద్దు. వారం వారం ఒకే మోతాదులో పెట్టండి, ఐఎన్ఆర్ నిలకడగా ఉంటుంది. నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వద్దు. పిల్లలు పుట్టకుండా వాడే మాలా-డి లాంటి ఈస్ట్రోజెన్ మాత్రలు అసలే వద్దు, కాపర్-టి వేయించుకోవచ్చు.

వ్యాఖ్యాత: మళ్ళీ ఫిట్స్ వస్తే ఇంట్లో ఏం చెయ్యాలి?

డాక్టర్: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, టైము చూడాలి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు, నీళ్ళు, ఏవీ వద్దు. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే రెండోది వచ్చినా 108. వార్ఫరిన్ వాడుతున్నారని అంబులెన్సులోనే చెప్పాలి. పడి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ లేకపోయినా స్కాన్ తప్పదు.

వ్యాఖ్యాత: బొబ్బిలి నుంచి ఇంకొకరు.

శ్రోత: సార్, మా తమ్ముడికి ఇదే జబ్బు. స్కాన్‌లో రక్తం చిట్లిందంటున్నారు, మళ్ళీ పలచన చేసే ఇంజక్షనే ఇస్తున్నారు. పొరపాటేమో అని భయం.

డాక్టర్: పొరపాటు కాదండి. సిర మూసుకుంటే రక్తం బయటికి పోయే దారి లేక వెనక్కి తన్నుతుంది, చిన్న నాళాలు చిట్లుతాయి. మెదడు పైపొర ఉబ్బి రేగుతుంది. ఈ జబ్బులో పదిమందిలో ముగ్గురు నలుగురికి ఫిట్స్ రావడం అందుకే. దారి తెరుచుకోవాలంటే హెపారిన్ అనే ఆ పలచన చేసే ఇంజక్షన్ ఇవ్వాల్సిందే. అందులో ఎనాక్సాపరిన్ అనే రకం అయితే కిలోకి 1 మిల్లీగ్రాము, 12 గంటలకోసారి పొట్ట చర్మం కింద. 60 కిలోల మనిషికి పూటకి 60. కిడ్నీ పరీక్ష చూసి మోతాదు మారుస్తారు. మీ తమ్ముడికి ఫిట్స్ వచ్చాయా?

శ్రోత: రాలేదండి.

డాక్టర్: అయితే ఫిట్స్ మాత్ర రాయలేదని కంగారు పడకండి. రానివాళ్ళకి ముందుజాగ్రత్తగా అందరికీ ఇవ్వం. మెలకువ తగ్గుతున్నా, ఒక చెయ్యి కొట్టుకుంటున్నా వెంటనే నర్సుకి చెప్పండి.